తొట్లె నిండాల్సింది బిడ్డతోనే



ఈసారి రాస్తున్నది పెళ్ళి సంబంధాల గురించీ కాదు, మార్కండేయ రథోత్సవం చందాల గురించీ కాదు. తొట్లె గురించి. చిన్న విషయమే కదా అని దాటేయకండి. ఈ ఏడాది మన ఇళ్ళలో పుట్టబోయే ప్రతి బిడ్డకూ సంబంధించిన మాట ఇది.

మేము చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాం. సోలాపూర్ పూర్వభాగంలో మన తెలుగు ఇళ్ళలో తొట్లెల వేసే పండుగ నాడు తొట్లెను సామానుతో నింపే పద్ధతి పోవాలి. పసిబిడ్డకు మంచి తొట్లె అంటే గట్టి పరుపు, దాని మీద బిగుతుగా పరిచిన ఒక్క పలుచని బెడ్‌షీట్, దాని మీద వెల్లకిలా పడుకున్న బిడ్డ. అంతే. నాలుగో వస్తువు అక్కర్లేదు.

ఎందుకు నింపుతున్నామో మనకందరికీ తెలుసు. మొదటి కాన్పు తల్లిగారింట్లో. ఇరవై ఒకటో రోజు తొట్లె కూడా తల్లిగారే పెట్టాలి. వచ్చిన చుట్టాలు బిడ్డ మొహం కంటే ముందు తొట్లెలోకి తొంగి చూస్తారు. "తల్లిగారు ఏం పెట్టిన్రు?" ఈ ఒక్క ప్రశ్నకు భయపడి ఆడపిల్ల తండ్రి అప్పు చేసైనా పెద్ద సెట్టు కొంటాడు. అందులో ఏముంటాయి? చుట్టూ కట్టే మెత్తటి బంపర్లు, రెండు పక్కలా గుండ్రటి దిండ్లు, తల కింద ఆవాల దిండు, ఒక రజాయి, నాలుగు బొచ్చు బొమ్మలు. ఆ పైన మేనత్త తెచ్చిన ఉన్ని శాలువా. ఫొటో బాగా వస్తుంది. రాత్రి లైటు తీసేశాక అవే వస్తువులు బిడ్డ ముక్కు పక్కన ఉంటాయి.

మన చద్దర్ సంగతి కూడా చెప్పాలి. సోలాపూర్ చద్దర్‌కు జీఐ గుర్తింపు ఉంది. దాన్ని నేసిన చేతులు మనవే. ఆ చద్దర్ మన గర్వం, మన కూడు. కానీ ఏడాది నిండని బిడ్డ మీద అది బరువు. మేము నేసిందే అయినా మేమే చెబుతున్నాం: ఏడాది దాటేదాకా బిడ్డ పడుకునే చోట చద్దర్ వద్దు. చద్దర్ కానుకగా పెట్టండి, తల్లి కప్పుకుంటుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నామంటే, ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డ కారణం తెలియకుండా నిద్రలోనే చనిపోవడం అనేది నిజంగా ఉంది. డాక్టర్లు దాన్ని ఎస్‌ఐడీఎస్ అంటారు. ఎక్కువగా రెండో నెల నుంచి నాలుగో నెల మధ్య జరుగుతుంది. ఇది కాక, మెత్తటి వస్తువు ముక్కుకు అడ్డం పడి ఊపిరాడక పోయే ప్రాణాలు వేరే. రెండు నెలల బిడ్డ మొహం మీద పడ్డ గుడ్డను తానే తీసేసుకోలేదు. ఏడవాలన్నా ఊపిరి కావాలి కదా. అందుకే చప్పుడు ఉండదు, పక్కనే పడుకున్న తల్లికి కూడా తెలియదు.

అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 1992లో బిడ్డల్ని బోర్లా పడుకోబెట్టొద్దని చెప్పింది. 1994లో 'బ్యాక్ టు స్లీప్' పేరుతో దేశమంతటా ప్రచారం మొదలైంది. తర్వాతి పదేళ్ళలో అక్కడ ఎస్‌ఐడీఎస్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. కొత్త మందు లేదు, కొత్త మిషన్ లేదు. పడుకోబెట్టే తీరు మారింది, అంతే. 2022లో మెత్తటి బంపర్ల అమ్మకాన్నే అక్కడ చట్టం చేసి ఆపేశారు. అలాంటి బంపర్లనే ఇక్కడ మనం రిబ్బన్ కట్టిన సెట్లలో డబ్బు పెట్టి కొంటున్నాం.

పెద్దవాళ్ళు అడిగే ప్రశ్న మాకు తెలుసు. "మేమందరం చీర తొట్లెలోనే పెరిగినం, మాకేమైంది?" అమ్మమ్మలంటే, నానమ్మలంటే మాకు గౌరవమే. కానీ ఒక్కటి ఆలోచించండి. ఈ మాట అంటున్నది పెరిగినవాళ్ళం. పెరగని వాళ్ళు వచ్చి చెప్పలేరు. వెనకటి రోజుల్లో తెల్లారేసరికి బిడ్డ పోతే 'గాలి సోకింది' అన్నారు, 'దిష్టి తగిలింది' అన్నారు. తల్లిని తిట్టారు. తొట్లెలో ఏముందని ఎవరూ చూడలేదు.

ఇంకో భయం, వెల్లకిలా పడుకుంటే కక్కిన పాలు గొంతుకు అడ్డం పడతాయని. నిజానికి వెల్లకిలా ఉన్నప్పుడు గాలి గొట్టం పైన, ఆహార గొట్టం కింద ఉంటాయి. పాలు పైకి ఎక్కి గాలి గొట్టంలోకి పోవడం కష్టం. బోర్లా వేస్తే ఇది తలకిందులవుతుంది. ఇక ఆవాల దిండు లేకపోతే తల చదునవుతుందంటారు. దానికి దిండు అక్కర్లేదు. ఈరోజు తల ఒక వైపు పెడితే రేపు రెండో వైపు పెట్టండి. మెలకువగా ఉన్నప్పుడు, మీరు పక్కనే కూర్చుని, రోజుకు కొన్నిసార్లు కాసేపు బోర్లా ఆడించండి.

సరే, తొట్లె కొనాలనుకునే వాళ్ళు దుకాణానికి ఒక టేపు తీసుకుని వెళ్ళండి. రంగు, బొమ్మలు తర్వాత చూడొచ్చు. ముందు ఇవి చూడండి.

1. కమ్మీల మధ్య సందు 6 సెంటీమీటర్లు మించకూడదు. ఎక్కువుంటే ఒళ్ళు జారిపోయి తల ఇరుక్కుంటుంది. తలవైపు చెక్కలో పువ్వులూ నెమళ్ళూ చెక్కిన రంధ్రాలు ఉన్నా ఇదే ప్రమాదం.

2. పరుపు గట్టిగా ఉండాలి. అరచేత్తో నొక్కి తీస్తే గుంట మిగలకూడదు. అంచుకూ తొట్లె గోడకూ మధ్య రెండు వేళ్ళు పట్టేంత సందు కూడా ఉండకూడదు. ఇంట్లో మిగిలిన దూదితో కుట్టించిన మెత్తటి పరుపు వద్దు.

3. పరుపు బల్లపరుపుగా ఉండాలి. ఇనుప ఫ్రేముకు వల గుడ్డ బిగించిన ఊగే తొట్లెలు కొన్ని రోజులకే మధ్యలో గిన్నెలా దిగిపోతాయి. అందులో పడుకున్న బిడ్డ గడ్డం ఛాతీకి ఆనుకుంటుంది. పసిబిడ్డ మెడకు తల నిలిపే బలం ఉండదు కనుక గాలి దారి మూసుకుపోతుంది.

4. ఊగే తొట్లె అయితే ఊగకుండా ఆపే లాక్ ఉండాలి. బిడ్డ నిద్రపోయాక లాక్ వేసేయాలి. చక్రాలుంటే వాటికీ లాక్ ఉండాలి.

5. ఒక పక్క కిందికి జారే రకం వద్దు. ఆ పక్క ఊడి పిల్లలు ఇరుక్కుపోతున్నారని అమెరికాలో 2011లో అలాంటి తొట్లెల అమ్మకం నిషేధించారు.

6. పరుపును కిందికి దించే వీలున్న తొట్లె కొంటే ఎక్కువ కాలం వస్తుంది. బిడ్డ లేచి కూర్చోవడం మొదలుపెట్టగానే దించాలి. అన్నిటికంటే కింద పెట్టినప్పుడు పరుపును మోసే అడుగు పలక నుంచి పై కమ్మీ దాకా కనీసం 66 సెంటీమీటర్లు ఉండాలి.

7. వడ్రంగితో చేయిస్తే రంగు డబ్బా మీద ఏం రాసుందో చదవండి. మన దేశంలో 2017 నవంబర్ నుంచి ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని నియమం అమల్లో ఉంది. పళ్ళు వచ్చే బిడ్డ కమ్మీని కొరుకుతుంది, ఆ రంగు కడుపులోకే పోతుంది.

కొన్నాక తొట్లెను ఎక్కడ పెడతామన్నది కూడా ముఖ్యమే. కిటికీ పరదా తాళ్ళు, కూలర్ వైర్లు చేతికి అందకూడదు. దోమతెర తప్పకుండా కట్టండి, డెంగీ మనకు కొత్త కాదు. కానీ తెర తొట్లె బయటి నుంచి బిగుతుగా ఉండాలి, లోపలికి వేలాడకూడదు. పైన కట్టిన బొమ్మలు బిడ్డ చేతుల మీద లేవడం మొదలుపెట్టే ముందే తీసేయాలి. దిష్టికి మెడలో కట్టిన తాడు రాత్రి పడుకునేటప్పుడు విప్పేయండి. దేవుడేమీ అనుకోడు.

మే నెలలో మన ఊరి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అలాంటి రోజుల్లో టోపీ, సాక్సులు, స్వెట్టర్ వేసి పడుకోబెట్టిన బిడ్డల్ని చూస్తున్నాం. ఒళ్ళు కాగిపోవడం కూడా నిద్రలో జరిగే మరణాలకు ఒక కారణమవుతుంది. వేసవిలో పలుచని జుబ్బా చాలు. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి, చెమట ఉంటే ఒక గుడ్డ తగ్గించండి. చలికాలంలో రజాయికి బదులు చేతులు లేని సంచి గౌను కుట్టించండి. మెడ, చంకల దగ్గర వదులు లేకుండా, కాళ్ళ దగ్గర ఆడేలా, టోపీ లేకుండా ఉండాలి. మన అక్కచెల్లెళ్ళలో యూనిఫారాలు కుట్టేవాళ్ళు ఎంతమంది ఉన్నారు! వాళ్ళకు ఇది పెద్ద పని కాదు.

చీర తొట్లె గురించి కొందరు బాధపడతారని తెలుసు. పాత నేత చీరలో బిడ్డను ఊపడం మన జ్ఞాపకాల్లో ఉన్న తీపి. పూర్తిగా మానేయమని మేము అనడం లేదు. పగటిపూట, మీ కళ్ళ ముందు, బిడ్డ గుక్కపట్టినప్పుడు కాసేపు ఊపండి. మధ్యలో అడ్డకర్ర పెట్టండి, కొక్కెం లాగి చూడండి, నేలకు దగ్గరగా కట్టండి. అన్నలూ అక్కలూ దాన్ని మెలి తిప్పి ఆడకుండా చూడండి. బిడ్డ నిద్రపోగానే తీసి బల్లపరుపు చోట వెల్లకిలా వేయండి. బోర్లా పడడం నేర్చుకున్నాక చీర తొట్లె ఇక వద్దు.

కుంభారిలో విడీ ఘర్‌కుల్‌లో ఉన్న మన కుటుంబాల మాట విడిగా చెప్పాలి. 2006లో గోదుతాయి పరుళేకర్ పేరిట బీడీ కార్మిక స్త్రీలకు పదివేల ఇళ్ళు వచ్చాయి. 2024 జనవరిలో రేనగర్‌లో మరో 15,000 ఇళ్ళు. సొంత ఇల్లు అన్నది ఎంత పెద్ద సంగతో అద్దె గదుల్లో బతికిన మనకు చెప్పక్కర్లేదు. కానీ అవి చిన్న ఇళ్ళు. ఆ ఇంట్లో కట్టె తొట్లె పెడితే నడవడానికే దారి ఉండదు. అలాంటి చోట తొట్లె కొనకపోవడం తప్పేమీ కాదు. నేల మీద చాప, దాని మీద పలుచగా గట్టిగా ఉన్న బొంత, అది బిడ్డకు మాత్రమే. తల్లి పక్క దానికి చేయి చాచేంత దూరంలో. మొదటి ఆరు నెలలు బిడ్డ తల్లి ఉన్న గదిలోనే, కానీ తన సొంత పక్క మీద పడుకోవడం మంచిది. పెద్ద పిల్లల మధ్యలో పడుకోబెట్టొద్దు. తాగి వచ్చినవాళ్ళ పక్కన అసలే వద్దు. సోఫా మీద బిడ్డను పట్టుకుని నిద్రపోవడం అన్నిటికంటే ప్రమాదం.

బీడీలు చుట్టే ఇంట్లో తంబాకు చాట ఒక మూల, బిడ్డ పక్క ఇంకో మూల ఉండాలి. పాకే వయసు వచ్చాక తంబాకు, కత్తెర అందని ఎత్తుకు పోవాలి. ఇంట్లో బీడీ, సిగరెట్ కాల్చడం మానాలి. పొగ ఉన్న ఇంట్లో ఎస్‌ఐడీఎస్ ప్రమాదం పెరుగుతుందన్నది రుజువైన మాట. ఇది మగవాళ్ళకు చెబుతున్నాం. తల్లి అన్నీ సరిగ్గా చేసినా మీ ఒక్క బీడీ దాన్ని చెడగొడుతుంది.

ఇక సంఘంగా మనం చేయగలిగింది. తొట్లె వాడేది రెండేళ్ళు, ఆ తర్వాత అటక మీద పదేళ్ళు. ఒక్కో గల్లీలో ఇలా ఎన్ని పడి ఉన్నాయో లెక్కపెట్టండి. మా ప్రతిపాదన ఇదీ. అటక మీది మంచి తొట్లెలను సంఘానికి ఇవ్వండి. మన వడ్రంగి అన్నలు పైన రాసిన కొలతల ప్రకారం చూస్తారు. బోల్టు పోయి తీగతో కట్టినవి, కమ్మీ విరిగినవి, ఒక పక్క జారేవి తీసుకోం, మరొకరికి అంటగట్టం. నిలిచినవి అవసరమైన ఇంటికి ఉచితంగా వెళ్తాయి, బిడ్డ పెరిగాక తిరిగి వస్తాయి. పరుపు మాత్రం ప్రతి బిడ్డకూ కొత్తది. ఆ ఖర్చు సంఘం నిధి నుంచి పెట్టాలని వచ్చే సమావేశంలో అడగబోతున్నాం. వచ్చి మద్దతు చెప్పండి, అభ్యంతరం ఉంటే అదీ చెప్పండి.

అత్తగారి వైపు వాళ్ళకు ఒక్క విన్నపం. తొట్లెలో సామాను లేదంటే తల్లిగారు తక్కువ చేశారని కాదు. ఈసారి పండుగకు వెళ్ళినప్పుడు "ఏం పెట్టిన్రు?" అని అడగకండి. "బిడ్డ ఎట్ల నిద్రపోతుంది?" అని అడగండి. ఖాళీ తొట్లె ఊపొద్దని మన పెద్దలు అంటారు. బిడ్డ ఉన్న తొట్లె ఖాళీ ఎట్లా అవుతుంది?

తొట్లె ఇవ్వగలిగినవాళ్ళు, తొట్లె కావలసినవాళ్ళు కింద రాయండి. పేరు బయటికి రాకూడదనుకుంటే మాకు విడిగా మెసేజ్ పెట్టండి.