సర్కారీ ఇంటర్న్‌షిప్: సీటు ఢిల్లీలో.. ఖర్చు ఎవరి జేబులోంచి? డిగ్రీ విద్యార్థులు అప్లై చేసే ముందు చూడాల్సిన లెక్క ఇదీ..

డిగ్రీ సెకండియర్ పరీక్షలు అయిపోయాయి. వేసవి సెలవులు. వాట్సాప్ గ్రూపులో ఓ మెసేజ్.. 'కేంద్ర ప్రభుత్వ ఇంటర్న్‌షిప్, నెలకు 5 వేలు, వెంటనే అప్లై చేయండి'. ఆధార్ నంబర్ కొట్టి, వివరాలన్నీ నింపడం మొదలుపెట్టాక అసలు విషయం తెలుస్తుంది. రెగ్యులర్ కాలేజీలో చదువుతున్నవాళ్లకు అందులో చోటే లేదు!

ప్రభుత్వ ఇంటర్న్‌షిప్‌లు లేవా అంటే.. ఉన్నాయి, చాలానే ఉన్నాయి. కానీ ఏది ఎవరికి, ఎప్పుడు, చేతి నుంచి ఎంత పెట్టుకోవాలి అనేది చాలామందికి తెలిసేసరికి గడువు దాటిపోతోంది. చిక్కంతా అక్కడే ఉంది.

పీఎం ఇంటర్న్‌షిప్.. పేరు పెద్దదే కానీ..

2024 జులై బడ్జెట్‌లో కేంద్రం పీఎం ఇంటర్న్‌షిప్ పథకాన్ని ప్రకటించింది. ఐదేళ్లలో కోటి మంది యువతకు దేశంలోని టాప్ 500 కంపెనీల్లో అవకాశం అని చెప్పింది. పైలట్ దశ నిబంధనల ప్రకారం వయసు 21 నుంచి 24 ఏళ్లు. కుటుంబ ఆదాయం ఏడాదికి రూ.8 లక్షలు దాటకూడదు. 12 నెలల పాటు నెలకు రూ.5 వేలు, చేరేటప్పుడు ఒకసారి రూ.6 వేలు. అంటే ఏడాదికి మొత్తం రూ.66 వేలు.

మెలిక ఏంటంటే.. ఫుల్‌టైమ్ చదువులో ఉన్నవాళ్లు అనర్హులు. ఆన్‌లైన్‌లోనో, దూరవిద్యలోనో చదివేవాళ్లకు మాత్రం అవకాశం ఉంది. ఇంకో మాట.. పేరులో పీఎం ఉన్నా, పని చేయాల్సింది కంపెనీల్లో. పాలన ఎలా నడుస్తుందో చూడాలనుకునే విద్యార్థికి ఇది సరిపోయేది కాదు.

అర్హత ఉన్నవాళ్లైనా ఎగబడ్డారా? అదీ లేదు. తొలి విడతలో 1.27 లక్షల అవకాశాలు పెడితే, 82 వేలకు పైగా ఆఫర్లు వెళ్లాయి. ఒప్పుకున్నది 28 వేల మంది. తీరా చేరింది దాదాపు 8,700 మంది. 100 ఆఫర్లకు 11 మంది కూడా చేరలేదన్నమాట. ఊరికి దూరం కావడం, ఏడాది కాలం మరీ ఎక్కువ అనిపించడం, ఇచ్చిన పని నచ్చకపోవడం వంటివి కారణాలని ప్రభుత్వమే చెప్పింది. రూ.5 వేలతో వేరే ఊళ్లో గది అద్దె, తిండి, బస్సు ఛార్జీలు ఎలా గడుస్తాయన్నది ఏ ఇంట్లోనైనా ముందు వచ్చే ప్రశ్నే కదా.

మరి చదువుతుండగానే దొరికేవి ఏవి?

అందరి నోటా వినిపించే పేరు నీతి ఆయోగ్. డిగ్రీ రెండో ఏడాది చివరి పరీక్షలు రాసినవాళ్లు అర్హులు. కనీసం 6 వారాలు, గరిష్ఠంగా 6 నెలలు. ప్రతి నెలా 1 నుంచి 10వ తేదీ వరకే దరఖాస్తులు తీసుకుంటారు. అదీ చేరాలనుకునే నెలకు కనీసం 2 నెలల ముందే. అంటే మే నెలలో చేరాలంటే మార్చి 10 లోపే అప్లై చేయాలి. పరీక్షలు అయ్యాక చూద్దాంలే అనుకుంటే ఆ వేసవి పోయినట్టే.

విదేశాంగ శాఖ ఇంటర్న్‌షిప్‌ది వేరే దారి. 2022 విధానం ప్రకారం ఏడాదికి 75 మందికి అవకాశం, నెలకు రూ.10 వేలు, రానుపోను విమాన టికెట్. డిగ్రీ పూర్తయి ఉండాలి. కోర్సులో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయితే ఫైనలియర్ వాళ్లు కూడా పెట్టుకోవచ్చు.

రిజర్వ్ బ్యాంక్ వేసవి ప్లేస్‌మెంట్ ఎక్కువగా పీజీ, లా విద్యార్థుల కోసం. ఇటీవలి ఏళ్లలో నెలకు రూ.20 వేలు ఇస్తోంది. దరఖాస్తులు మాత్రం అంతకుముందు ఏడాది అక్టోబర్ 15 నుంచి డిసెంబర్ 15 మధ్యే. జాతీయ మానవ హక్కుల కమిషన్ అయితే రెండు వారాల ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్‌లు కూడా నడుపుతోంది. ఊరు కదలలేనివాళ్లకు ఇది మంచి దారి.

జల్లెడ ఎక్కడుంది?

నీతి ఆయోగ్ డిగ్రీ విద్యార్థులకు పెట్టిన షరతు.. ఇంటర్‌లో 85 శాతం మార్కులు. ఇంటర్‌లో వెనకబడి, డిగ్రీలో కష్టపడి క్లాస్ ఫస్ట్ వచ్చిన అమ్మాయికైనా ఆ తలుపు తెరుచుకోదు. పైగా స్టైపెండ్ లేదు. ల్యాప్‌టాప్ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.

విజయనగరం నుంచో ఆసిఫాబాద్ నుంచో ఓ విద్యార్థి ఢిల్లీ వెళ్లి 6 వారాలు ఉండాలంటే రైలు ఛార్జీలు, హాస్టల్, భోజనం అన్నీ ఇంట్లోవాళ్లు భరించాలి. ఢిల్లీలో బంధువులో, స్తోమతో ఉన్నవాళ్లకు అది రెజ్యూమెలో ఒక మంచి లైన్. లేనివాళ్లకు అప్పు. పరీక్ష పెట్టి వడపోయడం ఒక పద్ధతి. ఖర్చుతో వడపోత జరిగిపోతే, దాన్ని ఎవరూ లెక్కల్లో కూడా రాసుకోరు.

ఈ విషయంలో విదేశాంగ శాఖ చేసింది గమనించాలి. స్టైపెండ్, ప్రయాణ ఖర్చుతో పాటు అన్ని రాష్ట్రాలకూ చోటు, మహిళలకు 30 శాతం, ఆకాంక్షిత జిల్లాల వాళ్లకు ప్రాధాన్యం పెట్టింది. ఆ జిల్లాల తొలి జాబితాలో ఏపీ నుంచి విశాఖపట్నం, విజయనగరం, కడప ఉండేవి. తెలంగాణ నుంచి జయశంకర్ భూపాలపల్లి, కుమురం భీం ఆసిఫాబాద్ వంటివి ఉండేవి. ఢిల్లీలో బస మాత్రం ఎవరిది వాళ్లే చూసుకోవాలి. అయినా ఇంటి ఖర్చు కొంతైనా తగ్గుతుంది. మిగతా శాఖలు ఇలా చేయడానికి అడ్డేముంది?

రూల్ వచ్చింది.. చోటు ఏది?

జాతీయ విద్యా విధానం కింద యూజీసీ డిగ్రీలో ఇంటర్న్‌షిప్‌కు 2 నుంచి 4 క్రెడిట్లు పెట్టింది. ఏపీ అయితే 2020-21 నుంచే డిగ్రీలో 10 నెలల ఇంటర్న్‌షిప్ తెచ్చింది. మొదట రెండు నెలల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, తర్వాత ఇంకో రెండు నెలలు, చివర్లో ఆరు నెలలు.

కాలేజీకి రూల్ పెట్టారు. పక్కనే ఉన్న ప్రభుత్వ ఆఫీసుకు మాత్రం 'ఏటా ఇంతమందిని తీసుకోండి' అని అదే స్థాయిలో రూల్ లేకపోతే ఏమవుతుంది? విద్యార్థి ఎక్కడో ఒకచోట సర్టిఫికెట్ తెచ్చుకుని మార్కులు వేయించుకుంటాడు. పని నేర్చుకోవడం పక్కకు పోతుంది.

అందుకే ఢిల్లీ ఒక్కటే దారి అనుకోవద్దు. లా విద్యార్థులకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ వాళ్లకు జిల్లా ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయం. సివిల్ ఇంజినీరింగ్ వాళ్లకు మున్సిపాలిటీ. వీటిలో చాలాచోట్ల నోటిఫికేషన్ రాదు, అడగాలి. ప్రిన్సిపాల్ సిఫార్సు లేఖ, ఏ విభాగంలో ఎన్ని వారాలు, ఏం నేర్చుకోవాలనుకుంటున్నారో ఒక్క పేజీలో రాసి ఇస్తే అధికారికి నిర్ణయం తీసుకోవడం తేలిక. కాలేజీలో క్రెడిట్లు ఇస్తారా లేదా అన్నది మాత్రం ముందే కనుక్కోవాలి.

డబ్బు అడిగితే ఆగిపోండి

'సీటు కన్ఫర్మ్, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి' అని ఫోన్ వస్తే అనుమానించాల్సిందే. పైన చెప్పిన వాటిలో దేనికీ దళారీ అవసరం లేదు. వెబ్‌సైట్ చిరునామా చివర 'జీఓవీ డాట్ ఇన్' గానీ, 'డాట్ ఆర్‌బీఐ డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్' లాంటి సంస్థ సొంత చిరునామా గానీ ఉందో లేదో చూసుకోవాలి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. నిబంధనలు ఏడాదికేడాది మారుతుంటాయి. ఫార్వర్డ్ మెసేజ్‌ను కాకుండా తాజా నోటిఫికేషన్‌నే నమ్మాలి.

విద్యార్థి చేతిలో ఉన్నది క్యాలెండర్ చూసుకుని ముందే అప్లై చేయడం. ప్రభుత్వం చేతిలో ఉన్నది స్టైపెండ్ ఇవ్వడం, జిల్లా ఆఫీసుల తలుపులు తెరవడం. మొదటిది విద్యార్థులు చేసినా రెండోది జరగకపోతే, రేపు పాలసీ రాసే టేబుల్ దగ్గర కూర్చునేది ఆ ఖర్చు భరించగలిగిన ఇళ్ల పిల్లలే.