నిరీక్షణమునకును తరగతులా?

విమానప్రయాణమున ఆకాశయానము కొంతసేపు, నిరీక్షణము చాలసేపు. మూడుగంటలు ముందుగా రమ్మందురు. వచ్చిన పిమ్మట మరియొక గంట ఆలస్యమందురు. ఒక విమానము దిగి వేరొక విమానము నెక్కవలసినవారు రాత్రియంతయు నచ్చటనే గడపుటయు గలదు. ఈ కాలమున ధనికు డెచ్చట గూర్చుండును, సామాన్యు డెచ్చట గూర్చుండును అను ప్రశ్న అల్పమైనదిగ దోచవచ్చును. కాని యొక సంఘము మనుష్యుని ఎట్లు చూచుచున్నదో తెలిసికొనగోరువారు వాని పట్టాభిషేకముకంటె వాని పడిగాపులనే ముందుగ జూడవలయును. విమానసంస్థలు తమ మొదటితరగతి ప్రయాణికులకై యేర్పరచు విశ్రాంతిమందిరము, అనగా లౌంజి, ఇందుచేతనే విచారింపదగినది. అచ్చట నేమి లభించును? అది యెవరికి లభించును? లభింపనివారి గతి యేమి?

ఈ యేర్పాటునకు జన్మస్థానము అమెరికా. 1939లో న్యూయార్కునగరమున లా గార్డియా విమానాశ్రయము తెరువబడిన కాలమున, నగరాధ్యక్షుడు తన సమావేశములకై యుంచుకొనిన మేడగదిని అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థవారు అద్దెకు బుచ్చుకొని, దానికి "అడ్మిరల్స్ క్లబ్బు" అని పేరిడిరి. ఆ సంస్థ తన విమానములను పతాకనౌకలని పిలుచుచుండెను. నౌకలున్నచోట నౌకాధిపతు లుండవలదా? కావున దాని యధ్యక్షుడైన సి. ఆర్. స్మిత్తు ప్రముఖులకును, తన సంస్థను విడువక పయనించువారికిని "అడ్మిరల్" బిరుదము నొసగెను. తెల్లదొరలు మనవారికి రావుబహద్దూరు బిరుదము లిచ్చిన తీరు ఎరిగిన మనకు ఇందలి మర్మము వివరింప నక్కరలేదు. తొలుత ఆహ్వానము లేనిదే ఆ మందిరమున ప్రవేశము లేకుండెను. పిదప నొక ప్రయాణికుడు ఈ పక్షపాతముపై వ్యాజ్యెము వేయగా, చందా చెల్లించువారికి తలుపులు తెరచిరి. ఆహ్వానపత్రిక కూర్చున్న పీటపై రూపాయి కూర్చున్నది.

నేటి మొదటితరగతి మందిర మెట్టిదో యెరుగుటకు జర్మనీదేశపు ఫ్రాంక్‌ఫర్టు చాలును. లుఫ్తాన్సా సంస్థవారు 2004లో అచ్చట మొదటితరగతివారికై గదినిగాక ప్రత్యేకభవనమునే తెరచిరి. ప్రయాణికుడు వాహనము దిగగనే యొక యుద్యోగి యెదురువచ్చి, పేరుతో పలుకరించి, పాసుపోర్టును సామానును అందుకొనును. సామాను తనిఖీ, సరిహద్దు తనిఖీ ఆ భవనమునందే ముగియును. బారులు లేవు. భోజనశాలలో గోరిన వంటకమును వండి తెత్తురు, దానికి వేరుగ వెల గట్టరు. స్నానమునకు తొట్టి గలదు. పండుకొనుటకు పరుపుగల గది గలదు. వ్రాసికొనుటకు బల్ల గలదు. చుట్టకాల్చువారికి వేరు గది గలదు. స్నానశాలలో నుంచు రబ్బరు బాతుబొమ్మలను సేకరించుట కొందరు కోటీశ్వరులకు వేడుక! వేళయైనంతనే ఆ యుద్యోగియే వచ్చి చెప్పును. క్రింద కారు సిద్ధముగ నుండును. అది విమానము చెంతకే గొనిపోవును.

ఆస్ట్రేలియాలో సిడ్నీనగరమున క్వాంటాస్ సంస్థవారు 2007లో తెరచిన మందిరమున గోడయంతయు పచ్చని తోటగ బెరుగుచుండును. 2013లో దుబాయిలో నూతనముగ దెరచిన విభాగమున, ఎమిరేట్స్ మొదటితరగతివారు తమ మందిరమునుండియే నేరుగ విమానమున ప్రవేశింతురు. క్రింది యంతస్తునగల జనసమ్మర్దము వారి కంటబడదు.

ఇట్టి మందిరమునకు బోవు నవకాశము గలవారికి రెండుమాటలు. లౌంజి యన్న పేరుగల ప్రతి గదియు నిట్టిది కాదు. వ్యాపారతరగతివారి లౌంజి వేరు. మనదేశమున క్రెడిట్ కార్డు చూపి ప్రవేశించు లౌంజి వేరు. ఈ కడపటిదాని వాకిట నేడు రద్దీవేళల బారులు తీరుచున్నవి గనుక, బారు తప్పించుకొనబోయి బారులోనే నిలుచుట యగుచున్నది. పెద్ద విమానసంస్థలు సైతము తమ ముఖ్యస్థానములందే ఘనమైన మందిరములు గట్టినవి. చిన్న యూళ్లలో నితరులు నడపు సాధారణపు గదిని జూపి సరిపెట్టుదురు. పెక్కు మందిరములందు విమానవేళలను బిగ్గరగ జాటరు, పలకను జూచుకొనుట ప్రయాణికుని బాధ్యతయే. అరగంట ముందు వచ్చినవానికి ఇందలి సుఖము దక్కదు.

ఇక నీ సుఖములను తూకమువేసి చూతము. కూర్చుండుటకు మంచి యాసనము, త్రాగుటకు నీరు, వేడియన్నము, స్నానము, ఒక నిద్ర, నిశ్శబ్దము, అడిగినదానికి విసుగులేక బదులుచెప్పు మనిషి. వీనిలో విలాసమేది? చుట్టగదిని, రబ్బరు బాతును దీసివేయుడు. మిగిలినవన్నియు అలసిన బాటసారికి గావలసినవే. ఆకలి రుచి యెరుగదు, నిద్ర సుఖ మెరుగదు అని మన పెద్ద లనిరి. ఆకలికిని నిద్రకును తరగతులు లేవు. అవసరములను విలాసములుగ మార్చి వెల గట్టుటయే ఇందలి లోపము.

దుబాయి యనగనే మన కరీంనగరము, నిజామాబాదు, జగిత్యాల మండలముల గృహము లనేకము గుర్తునకు వచ్చును. ఆ యిండ్లనుండి గల్ఫుదేశములకు కూలికై పోవు సోదరులును, కడపనుండియు గోదావరిసీమనుండియు ఇంటిపనికై పోవు సోదరీమణులును ఆ విమానాశ్రయములగుండనే రాకపోకలు సలుపుచున్నారు. ఏండ్లతరబడి యెండలో పనిచేసి, బిడ్డల మొగములు చూచుటకై తిరిగివచ్చు నాతడు, అర్ధరాత్రివేళ సంచి తలక్రింద బెట్టుకొని నేలపై నొరగినచో, వానిపై మేడలో నెవరో పట్టుపరుపుపై నిద్రించుచుందురు. ఇరువురి యలసటలో నెవ్వరిది యెక్కువ?

"వారు ధనమిచ్చినారు, సుఖము గొన్నారు. మీకేల అసూయ?" అని యొకరు ప్రశ్నింపవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. ఒక పెద్దవిమానమున మొదటితరగతి కుర్చీలు కొలదియే, వాని వెల మాత్రము మిక్కుటము. ఆ కొలదిమందిని పోగొట్టుకొనకుండుటకు సంస్థ మందిరము గట్టును. వర్తకధర్మమున నది తప్పుగాదు. మాకు వారి భోజనముపై నసూయ లేదు. మా యాక్షేపణ వేరు. మాటకు చెల్లుబడిగలవారు, మంత్రులు, కోటీశ్వరులు, సంస్థాధిపతులు, వేరుమార్గమున వచ్చి వేరుమార్గమున బోవుచున్నప్పుడు, సామాన్యశాలలో కుళాయి యెండినదని ఎవరికి దెలియును? కుర్చీలు చాలవని ఎవరు చెప్పుదురు? చెప్పినను ఎవరు విందురు? బాధపడువాని కధికారము లేదు, అధికారముగలవానికి బాధ లేదు. గోడకు గల నిజమైన వెల ఇదియే. అది టిక్కెట్టుపై నచ్చుపడదు.

రైలుబండి మన కీ పాఠము ముందే నేర్పినది. 1893లో దక్షిణాఫ్రికాలో మొదటితరగతి టిక్కెట్టు చేతనుండగనే గాంధీజీని పీటర్‌మారిట్జ్‌బర్గు స్టేషనులో దింపివేసిరి. ఆయన స్వదేశమునకు వచ్చి, మూడవతరగతిలో బయనించి, 1917లో ఆ ప్రయాణికుల దుస్థితిని లోకమునకు వెల్లడించెను. పెట్టెలో గూర్చున్నవాడు గనుకనే పెట్టెలోని మురికిని వ్రాయగలిగెను. స్వతంత్రభారతమున 1974లో మూడవతరగతి రద్దయ్యెను. పేరు మారుటకు అంతకాలము పట్టినది. వసతి మారుటకు ఎంత పట్టునో పాఠకులే యూహింతురు గాక.

నివారణోపాయము లేకపోలేదు. ఫ్రాంక్‌ఫర్టులో ఆ భవనము తెరచిన 2004వ సంవత్సరముననే ఐరోపాసమాజమువారు 261వ సంఖ్యగల శాసనమును జేసిరి. అది మరుసటి యేట నమలునకు వచ్చెను. విమానము మిక్కిలి జాగైనను, రద్దయినను, నిరీక్షించు ప్రయాణికునకు సంస్థ తన ఖర్చుపై భోజనపానీయము లొసగవలయును. రాత్రి నిలువవలసివచ్చినచో బసయు నొసగవలయును. ఇంటికి కబురుచేయుటకు సౌకర్యము కల్పింపవలయును. ఏ తరగతి టిక్కెట్టని శాసన మడుగదు. ఒకే యేట వెలసిన ఈ రెండింటిలో భవనము కొలదిమందికి సుఖమును విక్రయించినది, శాసనము అందరికిని హక్కు నొసగినది. మన పౌరవిమానయాన నిబంధనలందును ఇట్టి భోజనవసతుల విధులు గలవు. కాని తన హక్కును తా నెరుగని ప్రయాణికునకు దాని నెవరును పిలిచి యీయరు.

సింగపూరులోని చాంగీ విమానాశ్రయమున ధనికులకు వేరు మందిరములు లేకపోలేదు. అయినను సామాన్యప్రయాణికుడు సయితము ఉచితముగ సినిమా చూడవచ్చును, సీతాకోకచిలుకల తోటలో దిరుగవచ్చును, ఒరుగుటకు వీలైన యాసనముపై కునుకు తీయవచ్చును. మనదేశమున 2024 డిసెంబరులో, శ్రీకాకుళపు ప్రతినిధియైన కింజరాపు రామమోహననాయుడుగారు విమానయానమంత్రిగ నుండి, కలకత్తా విమానాశ్రయమున పదిరూపాయలకు టీయు, పదిరూపాయలకు నీటిసీసాయు లభించు "ఉడాన్ యాత్రీ కెఫే"ను దెరచిరి. చిన్నపనియే. కాని దిక్కు సరియైనది.

మన తెలుగునాట బాటసారికి సత్రము గట్టించుట పుణ్యమని తలచిన కాల మొకటి గలదు. లంకలగన్నవరమున డొక్కా సీతమ్మగారు గోదావరి దాటివచ్చినవారికి అన్నముపెట్టునప్పుడు ఎవరి టిక్కెట్టు నడుగలేదు. ఆ బుద్ధి విమానాశ్రయములకు రావలయును. కుర్చీలు, నీరు, శుచియైన స్నానశాల, రాత్రి యొరుగుటకు చోటు, తెలుగువారు దిగుచోట తెలుగున బదులుచెప్పు నొక మనిషి. ఇవి సామాన్యశాలలో నుండవలసినవని ప్రజలును పత్రికలును అడుగవలయును. లౌంజిలో నడుగుపెట్టు భాగ్యము గలిగిన పాఠకుడు హాయిగ స్నానముచేసి భుజించుగాక, మేము కాదనము. వెలుపలికి వచ్చునప్పుడు మాత్ర మొక్కసారి సామాన్యశాలలో నిలిచి, నేలపై నిద్రించువారిని జూచి, పరిష్కారపుస్తకమున నాలుగుపంక్తులు వ్రాసి మరి విమాన మెక్కవలయును. ఆ పంక్తులు వారికొరకు వ్రాయగలవాడు ఆతడే.