రాలిన ఆకును తోట దాటనివ్వొద్దు



శివరాత్రి వచ్చిందంటే మా ఊళ్లో ఏ తోట వైపు చూసినా పొగే. గట్ల మీది కానుగ, వేప, టేకు ఆకు రాలుస్తాయి. మామిడి కూడా ముదురాకు వదులుతుంది. కూలీలతో ఊడ్పించి, కుప్పలు పోసి అంటించేస్తారు. తోట అద్దంలా ఉందని మురిసిపోతాం.

నేనూ పదేళ్లు అదే పని చేశాను. ఊడ్చినందుకు కూలి ఇచ్చేవాణ్ణి, తొలకరికి మళ్లీ వర్మీ కంపోస్టు బస్తాలు కొనేవాణ్ణి. ఒక రోజు లెక్కల పుస్తకం చూసి మా ఆవిడ అడిగింది: "కాల్చడానికీ డబ్బులే, కొనడానికీ డబ్బులేనా?" నా దగ్గర జవాబు లేదు. ఆ ఏడే కుప్ప సెగ తగిలి రెండు మామిడి చెట్లు ఒక పక్క మాడిపోయాయి. ఆ పక్క మళ్లీ పూత చూడ్డానికి మూడేళ్లు పట్టింది. అప్పట్నుంచి తోటలో అగ్గిపుల్ల గీయలేదు.

మనలో చాలామంది ఎకరాకు 200 లీటర్ల జీవామృతం పోస్తాం. బాగుంది. మరి ఆ సూక్ష్మజీవులు ఏం తిని బతకాలి? వాటి తిండి ఈ ఎండుటాకే. దాన్ని మనమే తగలబెట్టి, జీవామృతం పని చెయ్యట్లేదంటే ఎలా? కాలిస్తే ఆకులోని కర్బనం, నత్రజని చాలావరకు గాల్లో కలిసిపోతాయి. మిగిలిన బూడిద కూడా గాలికో వానకో పోతుంది. అదే ఆకు నేల మీద కుళ్లితే, చెట్టు లోతు నుంచి లాక్కొచ్చిన కాల్షియం, సూక్ష్మపోషకాలు తిరిగి పాదులోకే చేరతాయి.

ఇప్పుడు నా తోటలో నాలుగంగుళాల మందాన ఆకు ఉంది. మే నెల మధ్యాహ్నం దాన్ని పక్కకి తీసి మట్టిలో చెయ్యి పెడితే చల్లగా తగులుతుంది. వీడియోలో మీరే చూడండి. నాలుగు రోజులకోసారి ఇచ్చే నీళ్లు ఇప్పుడు వారానికోసారి ఇస్తున్నాను. కలుపు తీసే ఖర్చు సగం తగ్గింది.

భయాలున్నాయి, కాదనను. చెదలు వస్తాయంటారు. వస్తాయి, అయితే నా తోటలో అవి ఎండుటాకునే తింటున్నాయి. అయినా మొదలు చుట్టూ అడుగు దూరం ఆకు లేకుండా ఉంచుతాను. పాముల భయం నిజమే, కర్ర, టార్చిలైటు లేకుండా తోటలో అడుగు పెట్టను. వేసవిలో నిప్పు రవ్వ పడకుండా గట్టు పొడవునా ఆరడుగుల బాట దున్ని ఖాళీగా ఉంచుతాను. టేకాకు పళ్లెంలా పరుచుకుని చిరుజల్లును కిందికి దిగనివ్వదు. దాన్ని నలగ్గొట్టి కానుగాకుతో కలిపి వేస్తే తొందరగా కుళ్లుతుంది.

ఒక్క విషయంలో మాత్రం ఊడ్చాల్సిందే. రాలిన పుచ్చు కాయల్ని తోటలో వదలొద్దు. పండు ఈగ పురుగు వాటిలోంచి మట్టిలోకి దిగి కోశమై, మళ్లీ ఈగలై లేస్తుంది. కాయల్ని ఏరి రెండడుగుల లోతు గుంతలో పూడ్చండి. ఆకు ఉండాలి, పుచ్చు కాయ పోవాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తున్నారు.

"తోటని బీడు పెట్టావేంట్రా?" అని మొదట్లో మా చిన్నాన్న కూడా నవ్వాడు. సేంద్రియం చేస్తూ కూడా ఆకు కాల్చేవాళ్లలో చాలామందిని ఆపుతున్నది ఈ సిగ్గే అనిపిస్తుంది నాకు. శుభ్రమైన తోట అంటే మట్టి కనపడే తోట అని మన కళ్లకి అలవాటైపోయింది. ఆ అలవాటు మానుకోవడమే కష్టం, మిగతాది తేలిక.

ఈ ఫాల్గుణంలో ఎకరం వద్దు, పది చెట్ల కింద ఆకు వదిలి చూడండి. పక్క పది చెట్ల కింద మీ పద్ధతే చెయ్యండి. మేలో రెండు చోట్లా గునపం దించండి. ఏ పక్క తేలిగ్గా దిగిందో కామెంట్లో రాయండి. మా చిన్నాన్న ఇప్పుడు తన ఆకు కాల్చడం లేదు. నిరుడు ఆయన ఇస్తానన్న రెండు ట్రాలీల ఆకు కోసం ఈసారి వెళ్తే, "నాకే చాలదు పోరా" అన్నాడు.