పార్కు చూడ్డానికి పోతున్నారా? ఆ అడవి ఎవరిదో కూడా అడగండి



చదువుకో కొలువుకో ముంబై పోయిన మన పిల్లలు సెలవు దొరికితే బోరివలి దగ్గరి సంజయ్ గాంధీ జాతీయ పార్కుకు పోతుంటారు. మంచిదే, పోండి. సుమారు 104 చదరపు కిలోమీటర్ల అడవి అది. మన కవ్వాల్, అమ్రాబాద్ ముందు చాలా చిన్నది. అయినా అందులో చిరుతలున్నాయి, కన్హేరి బౌద్ధ గుహలున్నాయి, తులసి, విహార్ అనే రెండు పెద్ద చెరువులున్నాయి.

చెట్టునూ చెరువునూ చూసి తిరిగొచ్చేస్తే మాత్రం మీరు సగమే చూసినట్టు.

ఆ అడవిలో వార్లీలు, ఇంకా ఇతర ఆదివాసులు ఉంటారు. వాళ్ల గూడేలను పాడాలు అంటారు. వార్లీలు పులిని వాఘోబాగా కొలుస్తారు. చిరుత తిరిగే చోట తరతరాలుగా బతకడం వాళ్లకు తెలుసు. అట్లాంటి వాళ్లకు ఈ నగరం ఇచ్చిన పేరేంటో తెలుసా? ఆక్రమణదారులు! 1997లో బాంబే హైకోర్టు పార్కులో ఆక్రమణలు తొలగించమంది. పొట్టకూటి కోసం వచ్చి గుడిసె వేసుకున్న పేదలనూ, ముందునుంచీ ఉన్న ఆదివాసులనూ ఒకే గాటన కట్టేశారు. పార్కులో పిల్లలు ఎక్కే బుల్లి రైలుకేమో 'వన్‌రాణి' అని పేరు పెట్టుకున్నారు. రైలు అడవికి రాణి అయింది, అడవిలో పుట్టిన ఆడబిడ్డ ఆక్రమణదారు అయింది.

చెరువుల సంగతి చూడండి. విహార్‌ను 1860లో, తులసిని 1879లో నగరం దాహం తీర్చడానికే కట్టారు. ఈరోజుకీ వాటి నీళ్లు ముంబై కుళాయిల్లోకి పోతున్నాయి. ఆ నీళ్లను పట్టి ఆపేది అడవి. ఆ అడవిని కనిపెట్టుకొని బతికింది పాడాల జనం. మరి నీటి కుళాయి, కరెంటు, గట్టి ఇల్లు అడిగితే వాళ్లకు వచ్చే జవాబు ఒక్కటే: "ఇది జాతీయ పార్కు, కుదరదు."

పార్కును ఆనుకొని ఉన్న ఆరేలో మాత్రం అన్నీ కుదిరాయి. 2019 అక్టోబరులో హైకోర్టు పిటిషన్లు కొట్టేసిన రాత్రే మెట్రో కార్‌షెడ్ కోసం చెట్ల నరికివేత మొదలైంది. సుప్రీంకోర్టు ఆపేలోపు రెండు వేలకు పైగా చెట్లు నేలకూలాయి. ఆ చెట్ల కోసం నగర యువతతో కలిసి నిలబడ్డది ఆరే పాడాల ఆదివాసులే. ఇప్పుడు చెప్పండి, అడవికి ముప్పు ఎవరివల్ల?

ఇది ముంబై ముచ్చట కదా, మనకెందుకు అనుకోకండి. కవ్వాల్ కోర్ ప్రాంతం నుంచి మైసంపేట, రాంపూర్ ఊళ్లను ఇప్పటికే తరలించారు. నల్లమలలో చెంచు పెంటల మీద అదే కత్తి వేలాడుతోంది. 2025లో కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో జీవో 49ను సర్కారు నిలిపేసిందంటే, ఊరూరా మనవాళ్లు కదిలారు కాబట్టే.

చట్టం మన చేతిలో ఉంది, చదువుకున్నోళ్లు అది చదవాలి. 2006 అటవీ హక్కుల చట్టం జాతీయ పార్కులకూ, అభయారణ్యాలకూ వర్తిస్తుంది. హక్కుల గుర్తింపు, పరిశీలన పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదని సెక్షన్ 4(5) చెబుతోంది. వన్యప్రాణుల కోసం తరలించాలన్నా మనుషులూ జంతువులూ కలిసి బతకడం కుదరదని ముందు తేల్చాలి. ఆపైన గ్రామసభ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. భయపెట్టి పెట్టించిన వేలిముద్ర ఒప్పుకోలు కాదు.

అందుకే ఏ పార్కుకు పోయినా, ఇక్కడ ఏ ఊళ్లు ఉండేవి, వాళ్లు ఇప్పుడెక్కడున్నారు, వాళ్ల హక్కుపత్రాలు ఏమయ్యాయి అని గేటు దగ్గరే అడగండి. పాడాకు పోతే ఫోను జేబులో పెట్టి, ముందు పెద్దమనుషులను పలకరించండి. వార్లీ బొమ్మలున్న సంచి కొనుక్కున్నోళ్లు ఆ బొమ్మలు గీసే చేతుల కింద నేల ఉందో లేదో కూడా తెలుసుకోండి. మీ సొంతూరికి వచ్చినప్పుడు గ్రామసభలో కూర్చోండి. సామూహిక హక్కుల క్లెయిమ్ వేశారా, రసీదు తీసుకున్నారా అని చూడండి. లేకుంటే ఆ దరఖాస్తు మీరే రాయండి.

రేపు మన గూడెం ముందు టికెట్ కౌంటర్ పెట్టి, మనల్నే బయట నిలబెట్టే రోజు రాకూడదు.

జల్, జంగల్, జమీన్ మనదే. జై ఆదివాసీ!