రెండో భాషకి మిగిలిన మీటలు

కీబోర్డ్ షార్ట్‌కట్లు ఒకదానితో ఒకటి కొట్టుకోవడం ఉత్త టెక్నికల్ సమస్య అంటే నేను ఒప్పుకోను. ఒకే మీటల జతని రెండు పనులు అడిగినప్పుడు ఏది నెగ్గాలో ఎవరో ముందే తేల్చేసి ఉంటారు. తేల్చేటప్పుడు వాళ్ళ మనసులో ఉన్న మనిషికి ఒకటే భాష.

మ్యాక్ సంగతే చూడండి. కమాండ్+స్పేస్ నొక్కితే ఒకప్పుడు భాష మారేది. 2005లో టైగర్‌తో పాటు స్పాట్‌లైట్ వచ్చి ఆ జతని పట్టుకుపోయింది. ఇప్పుడు భాషకి ఇచ్చింది కంట్రోల్+స్పేస్. అక్కడేమో ఈమాక్స్ ఏనాటి నుంచో కాపురం ఉంటోంది. వీఎస్ కోడ్‌లో సూచనల జాబితా తెరిచేదీ అదే. పగలు కోడ్, రాత్రి తెలుగు కథ రాసుకునే మనిషి (ఇది చదువుతున్న వాళ్ళలో సగం మంది అలాంటివాళ్ళేనని నా అనుమానం) రెండిట్లో ఒకటి వదులుకోవాలి. జీతం ఇచ్చేదాన్ని ఎవరు వదులుకుంటారు?

అసలు బాధ ఇంకోచోట ఉంది. 'సాఫ్ట్‌వేర్' అని సరిగ్గా రాయాలంటే మధ్యలో కంటికి కనపడని అక్షరం ఒకటి పడాలి. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు దాన్ని. అది పడకపోతే 'సాఫ్ట్వేర్' అవుతుంది, వ కాస్తా వత్తై కింద వేలాడుతుంది. విండోస్ ఇన్‌స్క్రిప్ట్‌లో దానికి దక్కిన చోటు కంట్రోల్+షిఫ్ట్+2. ఎక్సెల్‌లో అదే కంట్రోల్+షిఫ్ట్+2 గడిని టైమ్ ఫార్మాట్‌లోకి మార్చమనే ఆజ్ఞ! ప్రతి పేరాలో నాలుగుసార్లు అవసరమయ్యే అక్షరానికి మూడు మీటలు, అదీ ఇంకొకరితో పంచుకుంటూ. ఇంత తతంగం ఎవరు పడతారని జనం 'ఫేస్బుక్' అని రాసేసి ఊరుకుంటున్నారు. అది చూసి ఈ కాలం పిల్లలకి తెలుగు రాదని పెదవి విరిచే పెద్దలకి ఒకటే మనవి: ఆ మూడు మీటలూ ఒకపూట మీరు నొక్కి చూడండి సార్.

ఎవర్ని అడిగినా దొరికే సలహా ఒకటుంది: 'తెలుగు కీబోర్డ్ తీసెయ్, ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టెయ్.' గొడవ తీరుస్తామని వచ్చి ఇంట్లోవాళ్ళనే బయటికి పంపడం ఇది. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

దొంగని పట్టుకోవడం అంత కష్టమేం కాదు. సిస్టమ్ మొత్తానికీ పనిచేసే జతని విండోస్ మొదట నమోదు చేసుకున్న ప్రోగ్రామ్‌కే ఇస్తుంది, రెండోది వచ్చి అడిగితే కాదంటుంది. ఆ కాదన్న ముక్క మనదాకా రాదు చాలాసార్లు. అందుకని వెనకాల నడిచే వాటిని, అంటే స్క్రీన్‌షాట్ తీసేవీ, చాట్ చేసేవీ, క్లిప్‌బోర్డ్ దాచేవీ ఒక్కొక్కటే మూసి, మూసినప్పుడల్లా అదే జత నొక్కి చూడాలి. ఏది మూశాక మన పని జరిగిందో అదే దొంగ. దొరికాక జరగాల్సింది అది, తెలుగు కాదు. స్క్రీన్‌షాట్ రోజుకి రెండుసార్లు తీస్తామేమో, భాష వాక్యానికి రెండుసార్లు మారుస్తాం. వేలికి దగ్గరున్న మీట ఎవరిదో మీరే లెక్కేయండి.

నేనైతే మ్యాక్‌లో క్యాప్స్ లాక్‌ని భాషకి ఇచ్చేశాను. సెట్టింగ్స్‌లో ఆ వీలుంది. తెలుగుకి పెద్దక్షరాలు ఎలాగూ లేవు, అంత పెద్ద మీటకి అక్కడ ఇంకేం పని?