మెడసిరయు, శ్వాసయంత్రపు పీడనమును

మనము ఊపిరి పీల్చునపుడు రొమ్ములోని పీడనము తగ్గును. అందువలన మెడ సిరలలోని రక్తము సులువుగ గుండెకు దిగును. ఆ సిరలు కొంత సన్నబడును. శస్త్రచికిత్సకై పూర్తి మత్తు ఇచ్చి రోగిని వెంటిలేటరుపై ఉంచినపుడు ఈ క్రమము తారుమారగును. యంత్రము గాలిని లోనికి నెట్టును. రొమ్ములో పీడనము పెరిగి, గుండెకు చేరవలసిన రక్తము వెనుకనే నిలుచును, మెడసిర ఉబ్బును. కాలువకు అడ్డుకట్ట వేసినచో ఎగువన నీరు నిలుచుట రైతులెరిగినదే.

1952లో కోపెన్‌హేగెన్ నగరమున పోలియో ప్రబలినపుడు, బ్యోర్న్ ఇబ్సెన్ అను మత్తువైద్యుని సలహాపై వైద్యవిద్యార్థులు రేయింబవళ్లు చేతిసంచులు నొక్కి రోగులకు ఊపిరి పోసిరి. అప్పటి ఇనుప శ్వాసపెట్టె రొమ్మును వెలుపలినుండి లాగెడిది. నేటి ఆపరేషను గదుల యంత్రములు నెట్టు పద్ధతివే.

ఊపిరి విడిచిన పిమ్మటను ఊపిరితిత్తులలో కొంత పీడనము నిలిపి ఉంచుటను ‘పీప్’ అందురు. దీనిని 5 లేక 10 సెంటీమీటర్ల నీటిమట్టమునకు పెంచినచో పెక్కుమందిలో కంఠసిర వెడల్పగును. తలవైపు మంచము దించినను అట్లే జరుగును. ఆ సిరలో గొట్టము అమర్చు వైద్యునికి ఇది ఉపకారమే. ఏలయన ప్రక్కనే కెరోటిడ్ ధమని కలదు, సూది తప్పిన అపాయము.

అయినను పీడనమును ధారాళముగ పెంచుట తగదని నా అభిప్రాయము. మెడలో నిలిచిన రక్తము గుండెకు చేరని రక్తమే గదా! రక్తస్రావముచే నీరసించిన వారికి, ప్రసవమున ఎక్కువ రక్తము కోల్పోయిన తల్లులకు, రక్తపోటు ఉన్నట్టుండి పడిపోవచ్చును. తలలో ఒత్తిడి పెరిగియున్న వారికి మెడసిర ఉబ్బించుటయు, తల దించుటయు రెండును కీడే. పెంచక తప్పనిచో సూది గ్రుచ్చునంతసేపు మాత్రమే పెంచి, వెంటనే తగ్గింపవలెను. అల్ట్రాసౌండుతో సిరను చూచుచు గ్రుచ్చుటను బ్రిటనులోని నైస్ సంస్థ 2002లోనే సిఫారసు చేసినది. ఆ పరికరము గదిలో ఉండగా దానిని మూలనుంచి, పీడనమును నమ్ముకొనుట ఏల?

మరియొక సంగతి. మన ప్రజలు సిరను, నాడిని కూడ ‘నరము’ అనియే అందురు. అంగీకారపత్రమున ‘మెడనరములో సూది’ అని వ్రాసినచో, పక్షవాతము వచ్చునేమోయని బంధువులు జంకుదురు. ‘మెడలోని రక్తనాళము’ అని అచ్చువేసిన చాలును. పాఠ్యపుస్తకములలోని ‘చెడురక్తనాళము’ అను మాటయు ఇచట పనికిరాదు. నాళమే చెడినదని తలతురు.