కార్డు ఉన్నా డిపాజిట్ కట్టాల్సిందేనా?

ఆరోగ్యశ్రీ కార్డుతో కార్పొరేట్ ఆసుపత్రి మెట్లెక్కిన కూలీకి కౌంటర్ దగ్గర తరచుగా వినిపించే మాట: "ముందు ఇరవై వేలు కట్టండి, అప్రూవల్ వచ్చాక వెనక్కిస్తాం." రసీదు అడిగితే తెల్లకాగితం మీద అంకె వేసి చేతిలో పెడతారు.

2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ పథకానికి మూలసూత్రమే రోగి రూపాయి కట్టనక్కర్లేదన్నది. పరీక్షలు, ఆపరేషన్, మందులు, భోజనం, చివరికి ఇంటికెళ్లే దారి ఖర్చు కూడా ప్యాకేజీలోనే ఉన్నాయి. 2023 డిసెంబర్‌లో తెలంగాణ పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచాయి. పరిమితి పెరిగింది కానీ, కౌంటర్ దగ్గర మాట మారలేదు.

ప్రభుత్వం బకాయిలు చెల్లించడం లేదని, ప్యాకేజీ రేట్లు చాలవని యాజమాన్యాలు అంటాయి. ఇందులో నిజం లేకపోలేదు. బకాయిల కోసం 2025లో రెండు రాష్ట్రాల్లోనూ నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపాయి. కానీ ఒప్పందం ఆసుపత్రికీ ట్రస్టుకూ మధ్య ఉంది. సర్కారు బాకీని మంచం మీదున్న మనిషి దగ్గర వసూలు చేసే హక్కు ఎవరిచ్చారు? అప్రూవల్ ఆలస్యమన్న సాకూ చెల్లదు. అత్యవసర కేసులకు ఫోన్‌లోనే అనుమతి తీసుకునే ఏర్పాటుంది.

దీన్ని మేం కులం ప్రశ్నగా చూడడానికి కారణముంది. జీతగాడికి డిపాజిట్ అంటే బ్యాంకు కార్డు గీకడం. భూమిలేని మాదిగ, మాల కుటుంబానికి అది నూటికి మూడు రూపాయల వడ్డీ అప్పు. ఇరవై వేలకు నెలకు 600, ఏడాదికి 7,200. ఆసుపత్రి అసలు తిరిగిచ్చినా ఆ వడ్డీ ఎవరిస్తారు? పైగా అప్పిచ్చేది చాలాసార్లు వాళ్లు కూలికి పోయే పొలం ఆసామే. ఇక కూలి రేటు పెంచమని అడిగే నోరు ఎక్కడుంటుంది?

డబ్బు అడిగితే ఆరోగ్యమిత్రకు చెప్పాలి, 104కు ఫిర్యాదు చేయాలి, రసీదు లేకుండా కట్టకూడదు. ఇవి అవసరమే. కానీ బిడ్డను లోపల పెట్టుకుని ఆసుపత్రి మీద ఫిర్యాదు చేయగల తల్లి ఎంతమంది? అందుకే భారం ఒంటరి రోగి మీద వదలకూడదు. డిశ్చార్జయిన ప్రతి రోగికీ ట్రస్టే ఫోన్ చేసి ఎంత కట్టారో అడగాలి. వసూలు చేసినట్టు తేలితే వడ్డీతో సహా తిప్పికట్టించాలి. ఏ ఆసుపత్రికి ఎంత బకాయి ఉందో నెలనెలా బయటపెట్టాలి. ఎస్సీ ఉపప్రణాళిక నిధుల్లో వైద్యం కింద ఎంత చూపారో, ఎంత విడుదల చేశారో సమాచార హక్కు కింద మనమే అడగాలి.

సకాలంలో అత్యవసర వైద్యం అందకపోతే జీవించే హక్కుకు భంగమేనని సుప్రీంకోర్టు 1996లోనే పశ్చిమ్ బంగా ఖేత్ మజ్దూర్ సమితి కేసులో చెప్పింది. ఆ హక్కును కౌంటర్ దగ్గర తాకట్టు పెట్టించుకుంటుంటే చూస్తూ ఊరుకోలేం.